ఆదివారం వంతు

గురువారం పొద్దున ప్రేమమ్మ పొయ్యి మీద టీ పెట్టి, కోడలి కోసం చద్దన్నంలో మజ్జిగ కలుపుతోంది. కోడలు సంతోషకుమారికి ఏడో నెల. అన్నం గిన్నె చూస్తే చాలు, మొహం పక్కకి తిప్పుకుంటుంది. ప్రేమమ్మ భర్త జక్రయ్య వసారాలో కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. కొడుకు మార్కు తెల్లారకముందే పొలానికి పోయాడు, ఇంకా రాలేదు.

ఎనభై ఏడులో వానలు మొహం చాటేశాయి. జనానికి ఆకాశం వంక చూసి చూసి మెడలు నొప్పి పుట్టడమే మిగిలింది. సాగర్ కాలువను నమ్ముకుని ఊళ్లో మిరప నాటారు. ఆ కాలువ నుంచి చీలి వచ్చే పిల్లకాలువకి చిట్టచివర జక్రయ్య ఎకరన్నర ఉంది. కాలువ చివరి పొలమంటే పెళ్లిలో ఆఖరి బంతి లాంటిది. ముందు కూర్చున్న వాళ్లు తినగా మిగిలిందే వడ్డిస్తారు. మొదటి కోత పురుగు పాలైంది. ఇప్పుడు చెట్ల నిండా పిందె పట్టి ఉంది. ఇంకొక్క తడి అందితే పిందె నిలుస్తుంది, అందకపోతే అంతా తాలుకాయే.

కాలువ తూములు చూసే లస్కరు అల్లాబక్షు సైకిలు దిగకుండా, ఒక కాలు వాకిలి గోడకి ఆనించి పిలిచాడు.

"జక్రయ్యా, డ్యాములో నీళ్లు అడుగంటినాయంట. ఆదివారం పొద్దుగూకంగానే తూము దించెయ్యమని పైనించి ఆర్డరొచ్చింది. మళ్లా వానలు పడిందాకా కాలవ లేదు. ఎవరి వంతు వాళ్లు జాగ్రత్తగా పెట్టుకోండి."

"ఆదివారమా?" అన్నాడు జక్రయ్య.

"ఆదివారమే. పై ఊళ్లలో కూడా చెప్పాలి, వస్తా" అంటూ అల్లాబక్షు వెళ్లిపోయాడు.

జక్రయ్య చేతిలో సూది ఆగిపోయింది.

నీళ్లు తక్కువైన కాలంలో ఆ పిల్లకాలువ కింద ఒక్కో పొలానికి వారంలో ఒక్కో రోజు వంతు. కాలువ వాళ్లు ఆదివారం జక్రయ్యకి, సోమవారం పక్క పొలం బుల్లయ్యకి రాశారు. జక్రయ్య చర్చిలో సంఘపెద్ద. ఆదివారం పార ముట్టడు, ఎద్దులకి కాడి కట్టనివ్వడు, కట్టిన వాళ్లని సంఘంలో నిలబెట్టి అడుగుతాడు. బుల్లయ్యకేమో సోమవారం శివుడి రోజు. ఒక్కపొద్దు ఉంటాడు, ఆయనా పార ముట్టడు. అందుకని చాలా ఏళ్ల కిందటే ఇద్దరూ గట్టు మీద కూర్చుని వంతులు మార్చుకున్నారు. ఇద్దరు దేవుళ్లకీ పేచీ రాకుండా ఇద్దరు మనుషులు చేసుకున్న ఏర్పాటది. నీళ్లు పుష్కలంగా ఉన్నన్నాళ్లూ ఊరంతా దాన్ని మెచ్చుకుంది.

ఇప్పుడు ఆదివారంతో కాలువ ఆగిపోతుంది. జక్రయ్య తడి పెట్టుకునే సోమవారానికి చుక్క నీరుండదు.

మార్కు కబురు దారిలోనే విన్నాడు. వస్తూనే తలగుడ్డ విప్పి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"నాన్నా, లెక్క ప్రకారం ఆదివారం మనది. బుల్లయ్యగారికి ఒక మాట చెప్పి మనమే పెట్టుకుందాం."

"మార్చుకుంటామని మాటిచ్చాంరా."

"అది నీళ్లున్నప్పటి మాట."

"నీళ్లున్నప్పుడు ఒక మాటా, లేనప్పుడు ఒక మాటా ఉండదు. అయినా ఆదివారం పొలంలో ఎవరు దిగుతారు?"

"నేను దిగుతా."

"నా పొలంలో దిగవు."

మార్కు తలగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "పిందె రాలిపోతే ఏం తింటాం?" అన్నాడు మెల్లగా.

"దేవుడు చూసుకుంటాడు."

"దేవుడు చూసుకోబట్టే గదా ఆఖరి రోజు మన వంతులో పడింది."

జక్రయ్య సూదిలో దారం ఎక్కించుకున్నాడు. చెప్పు కుట్టడం మళ్లీ మొదలెట్టాడు. మార్కు తల్లివైపు తిరిగి, "అమ్మా, నేను ముందే చెప్పా. ఈ చేను ఎండితే ఇక్కడ ఉండను. సంతోషాన్ని తీసుకుని దాచేపల్లి పోతా. సున్నపురాయి క్వారీలో మొగుడూపెళ్లాలకి పని ఇస్తారు" అన్నాడు.

సంతోషకుమారి అన్నం గిన్నె కింద పెట్టేసింది. క్వారీ నుంచి సెలవలకి వచ్చే ఆడవాళ్లని ప్రేమమ్మ చూసింది. తలంటు పోసుకున్నా జుట్టులో తెల్లటి దుమ్ము పోదు. ఏడో నెల పిల్ల ఆ ఎండలో రాళ్లు మొయ్యడం ఆమె తలుచుకోలేకపోయింది. కొడుకు, కోడలు, పుట్టబోయే బిడ్డ తన చూరు కింద ఉండాలి. ఆమెకి అంతకు మించిన కోరిక లేదు. అది ఇప్పుడు ఒక్క తడి మీద ఆధారపడి ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదు. శుక్రవారం ప్రేమమ్మ ఎవరికీ చెప్పకుండా బుల్లయ్య ఇంటికి వెళ్లింది.

బుల్లయ్య భార్య సుబ్బరావమ్మ అరుగు మీద చింతపండు పిక్క తీస్తోంది. ప్రేమమ్మ ఎప్పటిలాగే వాకిట్లో నిలబడింది. అరుగు మీదకి రమ్మని వాళ్లు పిలవరు, ఆమె ఎక్కదు. సంగతి విని బుల్లయ్య లోపల్నుంచి వచ్చాడు.

"ఆదివారం మీదే ప్రేమమ్మా, నేను కాదనను. జక్రయ్య వచ్చి నా వంతు నాకు వదలమంటే పొద్దు పొడవకముందే వదిలేస్తా. వచ్చాడా?"

"ఆయన రాడండి."

"రాడు. నీళ్లిచ్చినా ఆ రోజు పార పట్టడు. మరి ఆయన వాడుకోని నీళ్లు కాలవలో పారబోసి, నా చేను నేను ఎండబెట్టుకోవాలా? నాకూ అదే చేనుగా ఉంది."

ఆ మాటలో తప్పేమీ లేదు. "కోడలికి నెలలు నిండుతన్నయండి. పంట లేకపోతే దాన్ని తీసుకుని క్వారీకి పోతానంటన్నాడు మావాడు" అంది ప్రేమమ్మ.

సుబ్బరావమ్మ చింతపండు గంప పక్కకి జరిపింది. "సగం రోజు ఇయ్యవయ్యా. కడుపుతో ఉన్న పిల్ల ఉసురు మనకెందుకు?"

బుల్లయ్య అరుగు అంచున కూర్చున్నాడు. "సరే. మధ్యాన్నం నించి మీరు పెట్టుకోండి. కానీ మీ చేలోకి నీళ్లు మళ్లే మడవ నేను తియ్యను. మీ ఇంట్లో మనిషొచ్చి తిప్పుకోవాలి. ఆదివారం పాడుచేశానని రేపు మీ ఆయన నన్ను అనకూడదు."

ప్రేమమ్మ దణ్ణం పెట్టి వచ్చేసింది. సగం తడి అయినా చాలు. తల్లీకొడుకులు ఒకటైతే జక్రయ్య మెత్తబడకపోతాడా అని దారి పొడుగునా ఆశపడింది.

జక్రయ్య మెత్తబడలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆమె ఆ మాట ఎత్తగానే కంచం ముందు నుంచి లేచాడు. "నన్నడక్కుండా పోయి అడుక్కొచ్చావా?" అన్నాడు.

"నువ్వు అడగవు. నన్నూ అడగొద్దంటే ఎట్టా?"

మార్కు నవ్వాడు. అందులో సంతోషం లేదు. "అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అని, మన ఇంటిని చూసే చెప్పుంటారు. నాన్నా, ఆదివారం మధ్యాన్నం నేను మడవ తీస్తా."

"తీస్తే నువ్వు నా కొడుకువి కాదు. సంఘంలో అందరికీ నీతులు చెప్పి నా ఇంట్లోనే తప్పితే, రేపు నేను ఏ మొహంతో నిలబడాలి?"

సంతోషకుమారి గోడకి ఆనుకుని కూర్చుని మామ వంకా మొగుడి వంకా చూస్తోంది. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఇంత గట్టి మాట వినలేదు. మార్కు చెయ్యి కడుక్కున్నాడు.

"అట్టాగే నాన్నా. నీ పొలం, నీ ఆదివారం. రేపు మొదటి బస్సుకి దాచేపల్లి పోయి పని ఖాయం చేసుకుని, అద్దెకి గది చూసుకొస్తా. సోమవారం మేమిద్దరం పోతాం."

ప్రేమమ్మ బతిమాలింది. చెయ్యి పట్టుకుంది. శనివారం తెల్లవారేసరికి మార్కు మంచం ఖాళీగా ఉంది. జక్రయ్య ఆ మంచం చూశాడు, చూసి పశువుల దగ్గరికి పోయాడు.

ఆదివారం ప్రేమమ్మ చీకటితోనే లేచింది. వీధిలో చేతిపంపు క్రిస్మస్ నాటికే గాలి కొడుతోంది. మంచినీళ్లకి ఊరి చివర బావి దాకా పోవాల్సిందే. నడుం మీద ఒక బిందె, నెత్తి మీద ఒక బిందె పెట్టుకుని ఆమె తిరిగి తిరిగి తొట్టి నింపింది. ఎద్దులకి కుడితి పెట్టింది. పొయ్యి ఊది జక్రయ్య స్నానానికి నీళ్లు కాచింది. ఆదివారం ఆయన తలస్నానం చేస్తాడు, ఇస్త్రీ పంచె కడతాడు.

జక్రయ్య తువ్వాలుతో తల తుడుచుకుంటుంటే ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇయ్యాళ ఏ వారమయ్యా?"

"ఆదివారం. అదేం ప్రశ్న?"

"నీకు తెలుస్తంది. నాకు తెలీటంలా. నిన్న మోసినట్టే ఇయ్యాళా నీళ్లు మోశా. నిన్నటి లాగే పొయ్యి ఊదా. నువ్వు ఇప్పుడు పోసుకున్న నీళ్లు ఎవరు మోశారు?"

"ఇంటి పని వేరే."

"బిందెలో నీళ్లు మోస్తే ఇంటి పని. చేను బోదెలో నీళ్లు తిప్పితే పాపం. ఇది దేవుడు చెప్పాడా, నువ్వు చెప్పావా?"

జక్రయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ప్రేమమ్మ గొంతు పెంచలేదు. "ఆదివారం ఎద్దుకి కూడా విశ్రాంతి ఉండాలని ఊరందరికీ చెప్తావు. మన ఎద్దులు పడుకుని నెమరేస్తన్నయ్, పోయి చూడు. వాటికి కుడితి పెట్టింది నేనే. కాపురానికొచ్చిన కాడ్నించీ నాకు ఒక్క ఆదివారం ఉందా? పురిటి మంచం మీద తప్ప నేను పడుకున్న ఆదివారం ఒక్కటి చెప్పు. నాకు లేని ఆదివారాన్ని నేనేం పాడుచేస్తా? మధ్యాన్నం పార నేను పడతా."

"నువ్వు సంఘపెద్ద భార్యవి. నలుగురూ చూస్తారు."

"అదీ మాట. నీకు భయం దేవుడంటే కాదు, నలుగురంటే."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. జక్రయ్య చొక్కా తొడుక్కుని, గుండీలు సరిగ్గా పెట్టుకోకుండానే బయటికి నడిచాడు. చర్చి గంట ఇంకా మోగలేదు.

ఎండ నడినెత్తికి రాగానే ప్రేమమ్మ పార భుజాన వేసుకుంది. సంతోషకుమారి గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నేనూ వస్తానత్తయ్యా" అంది.

"నువ్వొస్తే ఇంక నేను చేసేదెందుకే? పడుకో. కుండలో జావ ఉంది, తాగు."

బుల్లయ్య తన చేలో తడి ముగించి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పార వేసుకుని వస్తున్న ఆడమనిషిని చూసి లేచాడు. "జక్రయ్య రాలేదా?"

"చర్చిలో ఉన్నాడండి."

"మార్కు?"

"ఊళ్లో లేడు."

ఇచ్చిన మాట ప్రకారం బుల్లయ్య తన మడవ మూసి పక్కకి తప్పుకున్నాడు.

ప్రేమమ్మ పుట్టినప్పటి నుంచీ పొలంలోనే ఉంది. నాట్లు వేసింది, కలుపు తీసింది, కాయ కోసింది. కానీ నీళ్లు తిప్పడం ఎప్పుడూ మగవాళ్ల పనే. మడవ ఎక్కడ తెగ్గొట్టాలో, మట్టి ఎంత మందం వేసి తొక్కాలో చూడ్డమే గానీ చేసింది లేదు. మొదట్లోనే ఒక కట్ట తెగి నీళ్లు బాటలోకి పోయాయి. ఆమె కూర్చుని రెండు చేతులతో బురద ఎత్తి వేసింది. అది మళ్లీ తెగింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకా మట్టి వేసి, మీద నిలబడి తొక్కింది. ఈసారి నిలిచింది. పలచటి నీరు సాలు వెంట పాకుతూ మొదటి చెట్ల మొదళ్లకి చేరింది. నెర్రెలు విచ్చిన నేల ఎంత నీళ్లయినా తాగేస్తోంది. సాలు చివరికి చేరేది మాత్రం పిసరంత.

చర్చిలో జక్రయ్య ముందు వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు ప్రేమమ్మ కూర్చునే చాప ఖాళీగా ఉంది. అందరూ పాట ఎత్తుకున్నారు. తను తలస్నానం చేసిన నీళ్లు ఊరి చివర నుంచి వచ్చాయన్న సంగతి అతనికి మొదటిసారి తట్టింది. తెలియనిదేం కాదు. ఎప్పుడూ తలుచుకోలేదు, అంతే.

ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఆలస్యంగా వచ్చిన తోమా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు అన్నాడు. "మీ ఆవిడ పార వేసుకుని పొలానికి పోతంటే చూశా పెద్దయ్యా. మీ ఇంట్లోనే ఇట్టా అయితే, ఇక మేం మా వాళ్లకి ఏం చెప్పుకోవాలి?"

చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపారు. జక్రయ్య వాళ్ల మొహాలు చూశాడు. "ఎద్దులకి కుడితి కూడా ఆవిడే పెట్టొచ్చింది" అన్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అతను ఇంటివైపు కాకుండా పొలంవైపు నడిచాడు.

ప్రేమమ్మ మోకాళ్ల దాకా బురదలో ఉంది. జాకెట్టు చెమటకి వీపుకి అతుక్కుపోయింది. గట్టు మీద తెల్లపంచె కనపడగానే తిట్టడానికి వచ్చాడనుకుని, తలెత్తకుండా పని చేస్తూనే ఉంది. జక్రయ్య చెప్పులు విడిచి, ఇస్త్రీ పంచెతోనే చేలోకి దిగాడు.

"పార ఇటియ్యి."

"నీ వారం పాడైపోద్ది."

"ఇయ్యవే. నువ్వు పోయి గట్టు మీద కూర్చో."

"ఇద్దరం చేస్తే తొందరగా..."

"కూర్చోమంటన్నా గదా. నువ్వు కూర్చో" అన్నాడు.

ఆమె వెళ్లి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. జక్రయ్య చకచకా మడవలు తీస్తూ మూస్తూ సాలు తర్వాత సాలు తడుపుతున్నాడు. చెయ్యి తిరిగిన పని. పొద్దున్నే ఈ చెయ్యి పడి ఉంటే చేనంతా తడిసేదని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. పొద్దు వాలుతున్న కొద్దీ బోదెలో నీరు సన్నబడింది. ఆఖరి రోజు కదా, పై వాళ్లు దొరికినంత మళ్లించుకుంటున్నారు. చివరికి బోదె అడుగున తడి మాత్రం మెరిసింది. జక్రయ్య పార పట్టుకుని కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇక రాలేదు. దిగువ సగం చేలో నేల ఎప్పటిలాగే తెల్లగా ఎండి ఉంది, చెట్లు ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

సాయంత్రం బస్సు దిగిన మార్కు, ఇంట్లో భార్య చెప్పగా విని పొలానికి పరిగెత్తుకొచ్చాడు. బురద పంచెతో ఉన్న తండ్రిని చూసి గట్టు మీదే ఆగిపోయాడు. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"సగమన్నా తడిసింది గదా నాన్నా" అన్నాడు చివరికి.

"తడిసిన సగం మీ అమ్మది. ఎండిన సగం నాది." జక్రయ్య పార గట్టున పెట్టాడు. "గురువారం నాడే నేను పోయి అడిగుంటే బుల్లయ్య రోజంతా వదిలేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా. నన్ను క్షమించరా."

తండ్రి నోట ఆ మాట మార్కు ఎన్నడూ వినలేదు. కళ్లు తుడుచుకుని, దిగి వచ్చి తండ్రి చెయ్యి పట్టి గట్టెక్కించాడు. చెప్పాల్సింది తల్లి వైపు చూడకుండా చెప్పాడు.

"సగం పంటతో నలుగురం గడవలేమమ్మా. క్వారీలో మాటిచ్చొచ్చా, రేపు పోవాల. కాకపోతే నేనొక్కణ్ణే పోతా. సంతోషం నీ దగ్గరే ఉంటది. కాన్పుకి వస్తా, వానలు పడితే వచ్చేస్తా."

ప్రేమమ్మ తల ఊపింది. కోడలు దక్కింది, బిడ్డ ఈ ఇంట్లోనే పుడతాడు. కొడుకు దక్కలేదు. సంతోషించాలో దుఃఖపడాలో తెలియక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జక్రయ్య వాక్యం ఏదీ చెప్పలేదు, ప్రార్థన చేద్దామనలేదు. వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. మార్కు ఇంకో పక్కన కూర్చున్నాడు.

దూరంగా తూము దించుతున్న చప్పుడు వినపడింది. చీకటి పడుతోంది. ఇంట్లో దీపం పెట్టాలి, పొయ్యి వెలిగించాలి, రేపటి ప్రయాణానికి కొడుక్కి ఏదన్నా వండిపెట్టాలి. అన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. అయినా ప్రేమమ్మ లేవలేదు. ఎవరూ ఆమెని లెమ్మనలేదు.